కాగితం మీద ఐదు ఉద్యోగాలు, వార్డులో నలుగురు మనుషులు: కిర్గిజ్‌స్తాన్ ఆసుపత్రుల సిబ్బంది లెక్క

సోవియట్ వ్యవస్థ నుంచి బయటపడిన దేశాల ఆసుపత్రి రికార్డులు చూస్తే మొదట కలిగే అనుమానం ఒకటే. సిబ్బంది పట్టికలో ఖాళీలు దాదాపు లేవు. అయినా రాత్రి వార్డులో నర్సు కనబడదు. ఈ రెండూ ఒకేసారి నిజం కావడానికి కారణం స్తావ్కా. ఒక పూర్తి ఉద్యోగానికి ఉండే పని గంటలూ, దానికి నిర్ణయించిన జీతమూ కలిపి ఒక స్తావ్కా. ఒకే మనిషి ఒకటిన్నర స్తావ్కాలు పట్టుకోవచ్చు. పట్టికలో నిండేవి స్తావ్కాలు, మనుషులు కాదు. ఆర్థిక మార్పు కాలంలో వైద్య సిబ్బంది పని పరిస్థితులు ఎందుకు అంతగా దిగజారాయో, సంస్కరణలు కొన్నిచోట్ల ఎందుకు పనిచేశాయో, కొన్నిచోట్ల ఎందుకు చేయలేదో ఈ ఒక్క తేడా దగ్గర మొదలుపెడితేనే అర్థమవుతుంది. అందుకు కిర్గిజ్‌స్తాన్ మంచి ఉదాహరణ. చిన్న దేశం, చమురు ఆదాయం లేదు, అయినా సంస్కరణను మధ్యలో వదిలేయలేదు.

నేపథ్యం

1918లో రష్యా తొలి ఆరోగ్య కమిసార్‌గా (మంత్రిగా) వచ్చిన నికొలాయ్ సెమాష్కో పేరుతో పిలిచే వ్యవస్థలో ఆసుపత్రికి డబ్బు పడకల సంఖ్యను బట్టి వచ్చేది. ఎన్ని పడకలుంటే అన్ని స్తావ్కాలు, ఎన్ని స్తావ్కాలుంటే అంత జీతాల పద్దు. జీతాలు, తిండి, మందులు, వేడి, కరెంటు దేనికదే వేరు పద్దు. ఒక పద్దులో మిగిలినది ఇంకో పద్దుకు మార్చే వీలు లేదు. ఏడాది చివర మిగిలినది ఖజానాకు వెనక్కి పోయేది. ఈ నిబంధనల కింద పడకలు తగ్గించిన పాలనాధికారి తన ఆసుపత్రికి తానే నష్టం చేసుకున్నట్టు. అందుకే రోగులు లేకపోయినా పడకలు ఉండేవి. ఒక్కో ఆసుపత్రి అనేక విడి భవనాలుగా విస్తరించి ఉండేది.

1991 ఆగస్టు 31న స్వాతంత్ర్యం ప్రకటించుకున్నాక యూనియన్ నుంచి వచ్చే నిధులు ఆగిపోయాయి. 1993 మేలో దేశం సొంత కరెన్సీ సోమ్ తెచ్చుకుంది. 1995 నాటికి ఆర్థిక వ్యవస్థ దాదాపు సగానికి కుంచించుకుపోయింది. భవనాలు, పడకలు, స్తావ్కాలు మాత్రం పాత కొలతలోనే నిలిచాయి. డబ్బు సగమై, ఖర్చు చేయాల్సిన చోట్లు మారనప్పుడు కోత ఎక్కడ పడుతుంది? చలికాలంలో వేడి ఆపలేరు, ఆపితే పైపులు పగులుతాయి. కాబట్టి కోత మందుల మీద, జీతాల మీద పడింది. జీతాలు నెలల తరబడి బకాయి పడ్డాయి. ఇచ్చిన జీతం విలువను ధరల పెరుగుదల తినేసింది. ఒక్క స్తావ్కా జీతంతో ఇల్లు గడవని నర్సు ఒకటిన్నర స్తావ్కాలు తీసుకుంది. ఖాళీ స్తావ్కా మిగిలితే దాని డబ్బు పోతుంది కనుక ఆసుపత్రీ దానికి సంతోషంగా ఒప్పుకుంది. అలా ఇద్దరి అవసరాలూ కలిసి, మనుషుల కొరతను పట్టికలోంచి మాయం చేశాయి.

ఒక పోస్టుకు ఎందరు మనుషులు కావాలి

ఇక్కడ లెక్క ఓపికగా వేయాలి. కింది అంకెలు విధానం చూపడానికి పెట్టుకున్నవి. ఏ వార్డుకైనా సొంత అంకెలు వేసుకుని ఇదే దారిలో వెళ్ళవచ్చు.

వారానికి 40 గంటలు, 5 రోజులు పని అనుకుందాం. ఏడాదికి 260 పని దినాలు. 28 క్యాలెండర్ రోజుల వార్షిక సెలవు అంటే 20 పని దినాలు. పండుగ సెలవులు 11. అనారోగ్యం, శిక్షణ కలిపి 9. మిగిలేవి 220 రోజులు, రోజుకు 8 గంటల చొప్పున 1,760 గంటలు. ఒక మనిషి నుంచి ఏడాదికి నిజంగా దొరికేది ఇంతే.

రాత్రింబగళ్ళు ఒక నర్సు ఉండాల్సిన చోటుకు, అంటే ఒక పోస్టుకు, ఏడాదికి 8,760 గంటలు కావాలి. 12 గంటల షిఫ్టులు రెండు, ఒక్కో షిఫ్టు మార్పిడికి అరగంట హ్యాండోవర్ కలిపితే రోజుకు 25 గంటలు, ఏడాదికి 9,125. దీన్ని 1,760తో భాగిస్తే 5.18. అంటే ఒకే ఒక నర్సు ఎప్పుడూ వార్డులో ఉండాలంటే జీతాల పట్టికలో ఐదుగురికి పైగా ఉండాలి. హ్యాండోవర్ వదిలేసి 4.98 అని రాసుకున్న చోట ఆ అరగంటను నర్సులు జీతం లేకుండా ఇస్తున్నారు, లేదా హ్యాండోవరే జరగడం లేదు. రెండోదే ప్రమాదం. ఏ రోగికి ఏ మందు ఎన్నింటికి ఇచ్చారో తెలియకుండా కొత్త షిఫ్టు మొదలవుతుంది.

ఇప్పుడు పట్టిక చూద్దాం. ఆ పోస్టుకు 5 స్తావ్కాలు మంజూరు. ముగ్గురు ఒకటిన్నర చొప్పున, పెన్షన్ తీసుకుంటూ పనిచేస్తున్న ఒకరు సగం. మొత్తం 5.0, భర్తీ 100 శాతం. మనుషులు మాత్రం నలుగురు. ఒకటిన్నర స్తావ్కా అంటే పనిచేసే ప్రతి వారం 60 గంటలు. 24 గంటల డ్యూటీలైతే రెండు వారాలకు ఐదు.

అసలు నష్టం ఒకరు వెళ్ళిపోయినప్పుడు బయటపడుతుంది. ఒకటిన్నర స్తావ్కా నర్సు రష్యాకో కజకిస్తాన్‌కో వెళ్ళిపోతే తగ్గేది నలుగురిలో ఒకరు, అంటే 25 శాతం అనిపిస్తుంది. గంటల్లో చూస్తే 8,800లో 2,640 పోయాయి, అంటే 30 శాతం. మిగిలిన ముగ్గురూ సమానంగా పంచుకుంటే ఒక్కొక్కరికి వారానికి 69 గంటలు. పెన్షనర్ సగం స్తావ్కా మించి చేయలేనంటే మిగతా ఇద్దరికీ 94 గంటలు. అది జరిగే పని కాదు. కాబట్టి కొన్ని గంటలు నర్సు లేకుండానే గడుస్తాయి. సనితార్కాలు అనే ఆయాలు, రోగి బంధువులు ఆ ఖాళీలో నిలబడతారు. ఒకటిన్నర స్తావ్కాల మీద నడిచే వార్డులో ప్రతి రాజీనామాతోనూ ఒకటిన్నర మనుషులు పోతారు. వలసలు మొదలయ్యాక కొన్ని ఆసుపత్రులు ఉన్నట్టుండి కూలినట్టు కనిపించడానికి కారణం ఈ గుణకారమే.

అందుకని ఏ ఆసుపత్రిని పరిశీలించినా మొదట అడగాల్సినవి మూడు వరుసలు: మంజూరైన స్తావ్కాలు, నిండిన స్తావ్కాలు, మనుషులు. మూడో వరుస చాలా పట్టికల్లో ఉండదు, జీతాల రిజిస్టర్ తీసి పేర్లు లెక్కపెట్టుకోవాలి. ఒకే పేరు రెండు విభాగాల్లో కనబడితే ఒకటిగానే లెక్కించాలి. పేరు పక్కన వయసు కూడా రాయించాలి. పెన్షన్ వయసు దాటినవారెందరో తెలియకపోతే వచ్చే ఐదేళ్ళ లెక్క వేయలేం.

సంస్కరణ ఏం మార్చింది

1996లో మనాస్ పేరుతో జాతీయ కార్యక్రమం మొదలైంది. 1997లో తప్పనిసరి ఆరోగ్య బీమా నిధి పని ప్రారంభించింది. పక్కనున్న కజకిస్తాన్ 1996లోనే ఇలాంటి నిధి పెట్టి 1998లో మూసేసింది. కిర్గిజ్ నిధి నిలబడింది. 2001లో చూయ్, ఇస్సిక్-కుల్ ఓబ్లాస్త్‌లలో (రాష్ట్రాల లాంటి పాలనా ప్రాంతాలు) స్థానిక బడ్జెట్ల డబ్బును ఓబ్లాస్త్ స్థాయిలో ఒకచోట కలిపి, ఒకే చెల్లింపుదారు ద్వారా ఇవ్వడం ప్రారంభించారు. తర్వాతి సంవత్సరాల్లో మిగతా ఓబ్లాస్త్‌లకూ విస్తరించారు. ప్రభుత్వం హామీ ఇచ్చే సేవల జాబితా, ఆసుపత్రిలో చేరేవారు అధికారికంగా కట్టే సహ చెల్లింపు కూడా 2001లోనే వచ్చాయి.

సిబ్బంది దృష్టిలో అసలు మార్పు చెల్లింపు పద్ధతిలో ఉంది. పడకలకు కాకుండా చికిత్స చేసిన కేసుకు డబ్బు వచ్చింది: మూల ధరను ఆ జబ్బు బరువుతో, అంటే దాని చికిత్స ఎంత ఖర్చుతో కూడినదో చెప్పే అంకెతో, గుణించి. పద్దుల గోడలు సడలాయి. పొదుపు చేసినది ఆసుపత్రి దగ్గరే ఉండే వీలు కలిగింది. పడక ఇప్పుడు ఖర్చు, ఆదాయం కాదు. దాంతో భవనాలు మూయడానికి మొదటిసారి ఆసుపత్రికే కారణం దొరికింది.

భవనం మూయడాన్ని కరెంటు, వేడి బిల్లుల పొదుపుగానే చాలామంది చూస్తారు. సిబ్బందికి దాని విలువ అంతకంటే ఎక్కువ. నాలుగు విడి భవనాల్లో పన్నెండేసి మంది రోగులుంటే రాత్రికి నాలుగు పోస్టులు కావాలి, అంటే 20.7 మంది. అదే 48 మందిని రెండు భవనాల్లోకి చేర్చితే రెండు పోస్టులు, 10.4 మంది. రోగుల సంఖ్య మారలేదు, ఖాళీ కారిడార్లకు కాపలా తగ్గిందంతే.

ఇక్కడే జీతాల లెక్క కలపాలి. ఒక స్తావ్కా జీతం 1 అనుకుందాం. ఒకటిన్నర చేసే నర్సు 1.5 ఇంటికి తీసుకెళ్తోంది. పని గంటలు మనిషి భరించగల 40కి తేవాలంటే ఆమెను ఒక్క స్తావ్కాకు దించాలి. రేటు పెంచకుండా దించితే ఆదాయంలో మూడో వంతు పోతుంది, ఆమె వెళ్ళిపోతుంది. అంటే స్తావ్కా రేటే 1.5 కావాలి. పాత పద్ధతిలో పోస్టు ఖర్చు 5. కొత్త పద్ధతిలో 5.18 మందికి 1.5 చొప్పున 7.77. పోస్టుకు అదనంగా కావాల్సింది 2.77. ఇంకో రాత్రి పోస్టు మూస్తే మిగిలేది 5. కాబట్టి ఒక పోస్టు మూస్తే వచ్చే జీతాల పొదుపుతోనే దాదాపు 1.8 పోస్టులను మనుషులు భరించగల పద్ధతికి తేవచ్చు. మనుషులూ సరిపోతారు. మూసిన పోస్టులోని నలుగురిలో ఇద్దరు ఆ రెండు చోట్లా సర్దుకుంటారు, మిగిలిన ఇద్దరి చోటు రిటైర్‌మెంట్లతో తీరుతుంది. ఎవరినీ తీసేయనక్కర్లేదు.

ఈ లెక్క పారాలంటే షరతు ఒకటే: మిగిలిన 5 ఆసుపత్రి జీతాల్లోకే రావాలి. ఆర్థిక శాఖ దాన్ని పొదుపుగా చూసి వచ్చే ఏడాది కేటాయింపు అంత మేర తగ్గిస్తే పోస్టు పోయింది, భారం మిగిలింది. సిబ్బందికి సంస్కరణ మీద నమ్మకం పోయేదీ అక్కడే. భవనం మూసేముందు ఆ హామీని రాతపూర్వకంగా, కనీసం మూడేళ్ళకు తీసుకోవాలి.

మూయడంలో చేతిపని వివరాలు కూడా ఫలితాన్ని నిర్ణయిస్తాయి. భవనంలో ఒక అంతస్తు మూస్తే పొదుపు దాదాపు సున్నా, ఎందుకంటే వేడి నీటి లైను మొత్తానికీ ఒకటే. ప్రధాన లైను దగ్గర ఆ శాఖను కోసి మూత బిగించాలి. పైపులు, రేడియేటర్లలోని నీరంతా శీతాకాలం రాకముందే ఖాళీ చేయాలి, లేదంటే గడ్డకట్టి పగులుతాయి. ఆక్సిజన్, లేబొరేటరీ, ఆపరేషన్ థియేటర్ ఏ భవనంలో ఉన్నాయో చూసి, వాటికి దగ్గరగా వార్డులు చేర్చాలి. థియేటర్ ఒక భవనంలో, శస్త్రచికిత్స వార్డు ఇంకో భవనంలో మిగిలితే స్ట్రెచర్ మోయడానికి మళ్ళీ ఇద్దరు కావాలి.

పని ఒత్తిడి కొలవడం

రాత్రి పోస్టు లెక్క కనీస సంఖ్య మాత్రమే చెబుతుంది. ఎంత పని ఉందో చెప్పదు. దానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 1998లో ఇచ్చి, 2010లో సవరించిన విస్న్ పద్ధతి వాడవచ్చు. పడకల ప్రమాణం బదులు పనినే గంటల్లోకి మార్చుతుంది.

ఉదాహరణకు 30 పడకల శస్త్రచికిత్స వార్డు. ఏడాదికి 1,200 చేరికలు, సగటున 7 రోజులు, అంటే 8,400 పడక-రోజులు. చేరికకు నర్సు సమయం 30 నిమిషాలు, మొత్తం 600 గంటలు. డిశ్చార్జికి 20 నిమిషాలు, 400 గంటలు. పడక-రోజుకు గంట, 8,400. డ్రెస్సింగులు 4,800, ఒక్కోదానికి 15 నిమిషాలు, 1,200. కలిపి 10,600 గంటలు, 1,760తో భాగిస్తే 6.02. హ్యాండోవర్, రికార్డులు, పరికరాల శుభ్రత అందరికీ సమయంలో 12 శాతం అనుకుంటే దీన్ని 0.88తో భాగించాలి: 6.84. చాలామంది ఇక్కడ 12 శాతం కలుపుతారు, 6.74 వస్తుంది. తేడా చిన్నది, కానీ ఆసుపత్రి మొత్తానికి చేరేసరికి కొన్ని ఉద్యోగాలు అవుతుంది. హెడ్ నర్సు రోస్టర్, మందుల రిజిస్టర్‌కు ఏడాదికి 352 గంటలు, ఇంకో 0.2. మొత్తం 7.04.

ఉన్నది నలుగురు. ఉన్నవారికీ కావాల్సినవారికీ నిష్పత్తి 0.57. స్తావ్కాలతో లెక్కిస్తే 0.71. ఒకే వార్డుకు రెండు జవాబులు వచ్చాయి. 0.71 రావడానికి కారణం నలుగురు మనుషులు ఐదుగురి గంటలు ఇవ్వడం. నివేదికలో రెండూ పక్కపక్కన రాయాలి. రెంటి మధ్య దూరమే ఆ నర్సుల నిద్ర.

ఈ కొలతలో తప్పులు ఎక్కువగా ప్రమాణ సమయాల దగ్గర జరుగుతాయి. ఇప్పటికే మునిగిపోయిన వార్డులో స్టాప్‌వాచ్ పట్టుకుంటే పడక-రోజుకు 35 నిమిషాలు రావచ్చు. అది ఇవ్వగలుగుతున్న సేవ, ఇవ్వాల్సినది కాదు. దాన్ని ప్రమాణంగా పెట్టుకుంటే కొరతే ప్రమాణం అయిపోతుంది. అనుభవమున్న నర్సుల బృందం కూర్చుని ఒప్పుకున్న సమయం కావాలి. బంధువులు చేస్తున్న పనిని, అంటే తినిపించడం, పక్క మార్చడం, మందు కొనుక్కురావడం, విడిగా రాసి చూపాలి. కేసు వారీ చెల్లింపు వచ్చాక చేరికల సంఖ్య పెరగడం సహజం, ఇంట్లో చూడదగ్గ జబ్బుకూ పడక ఇస్తారు. కాబట్టి చేరికల అంకెను అలాగే వాడకుండా కొన్ని కేసు షీట్లు తీసి చూడాలి.

ఇంకొకటి అందరూ మరిచేది. కేసు వారీ చెల్లింపుతో రోగి ఉండే రోజులు తగ్గుతాయి. 14 రోజులు 7 అయితే అదే 8,400 పడక-రోజుల్లో 600 బదులు 1,200 చేరికలు. చేరిక, డిశ్చార్జి పనులే 500 గంటలు పెరిగాయి. పైగా కోలుకుంటూ పడుకుని ఉండే రోగులు ఇంటికి వెళ్ళారు, మిగిలినవాళ్ళంతా మొదటి రోజుల్లో ఉన్నవాళ్ళు. పడకలు తగ్గించాం కనుక నర్సులను తగ్గించవచ్చనే వాదన ఇక్కడ విరిగిపోతుంది.

జీతం, అదనపు జీతం

బీమా నిధి నుంచి, సహ చెల్లింపుల నుంచి వచ్చిన అదనపు డబ్బులో కొంత సిబ్బందికి పంచడానికి శ్రమ భాగస్వామ్య గుణకం వాడారు. రష్యన్ పొడి అక్షరాల్లో కా-తే-ఊ అంటారు. నెలకు పంచే మొత్తాన్ని ప్రతి ఒక్కరి మూల జీతం, పనిచేసిన రోజులు, గుణకం గుణించి వచ్చిన పాళ్ళలో పంచుతారు. ఇది రెండు విధాలుగా చెడుతుంది. గొడవ ఎందుకని అందరికీ 1.0 ఇస్తే పద్ధతికి అర్థం లేదు. ఒక్కరే గదిలో కూర్చుని నిర్ణయిస్తే కక్షలు మిగులుతాయి. రాత్రి షిఫ్టులు, ఇంకొకరి బదులు చేసిన డ్యూటీలు, కేసు షీట్లలో లోపాలు వంటి లెక్కకందే మూడు నాలుగు అంశాలు చాలు. గుణకాల జాబితాను నెలాఖరున గోడకు అంటించాలి.

సహ చెల్లింపు వచ్చాక మందులు, సామగ్రి కోసం రోగులు జేబులోంచి పెట్టే ఖర్చు కొంత తగ్గింది. సిబ్బంది చేతిలో పెట్టే డబ్బు మాత్రం అంత తేలిగ్గా తగ్గలేదు. జీతం బతకడానికి చాలనంత కాలం రసీదు పుస్తకం ఒక్కటే దాన్ని ఆపలేదు. దీన్ని నర్సుల నైతిక లోపంగా రాసే నివేదికలు అన్యాయం చేస్తున్నాయి.

2011లో ఆరోగ్య సిబ్బంది జీతాలు పెద్ద మొత్తంలో పెంచారు. అవసరమైన పనే. కానీ జీతాల వాటా పెరిగేకొద్దీ మందులు, సామగ్రికి మిగిలేది ఇరుకైంది. పెంపుకు డబ్బు ఎక్కడిదో చెప్పకుండా పెంచితే ఏమవుతుందో పోలండ్ చూపింది. అక్కడ 2000 డిసెంబరులో చేసిన చట్టం 2001లో ఆరోగ్య సంస్థల ఉద్యోగులకు నెలకు 203 జ్లోటీల పెంపు ఇవ్వాలంది. ఆసుపత్రులకు దానికి తగిన నిధులు రాలేదు. అవి అప్పుల్లో కూరుకుపోయాయి, సిబ్బంది తమకు రావాల్సినదాని కోసం కోర్టులకెక్కాల్సి వచ్చింది. జీతం పెంచే ఉత్తర్వుతోపాటే కేసు మూల ధర ఎంత పెరుగుతుందో కూడా ఉండాలి.

లెక్క పారని చోటు

భవనాలు కలిపితే మనుషులు మిగులుతారన్నది రాయోన్ (జిల్లా) ఆసుపత్రి వరకే నిజం. పల్లెల్లో కలపడానికి ఏముంటుంది? కుటుంబ వైద్య బృందాలు ఇస్సిక్-కుల్‌లో 1990ల మధ్యలో మొదలై దేశమంతా వచ్చాయి. పిల్లల వైద్యులకు, జనరల్ వైద్యులకు, స్త్రీల వైద్యులకు తిరిగి శిక్షణ ఇచ్చి కుటుంబ వైద్యులను చేశారు. మంచి మార్పు. కానీ శిక్షణ పొందినవారు నగరంలో నిలిచారు, లేదా దేశం దాటారు. ఒక వైద్యుడికి 2,000 మంది, ఒక్కొక్కరు ఏడాదికి 4 సార్లు వస్తారనుకుంటే 8,000 సందర్శనలు, 1,760 గంటల్లో ఒక్కోదానికి 13 నిమిషాలు. పక్క ఊరి వైద్యుడు వెళ్ళిపోతే ఆరున్నర నిమిషాలు. అందులోనే రాత పని. మారుమూల పనిచేసే వైద్యులకు అదనపు మొత్తం చెల్లించే 'వైద్యుని డిపాజిట్' కార్యక్రమం కొందరిని నిలిపింది. కానీ ఒప్పందం ముగిశాక ఇల్లు, బడి, ఇంకో సహ వైద్యుడు లేని చోట వాళ్ళు ఉండరు. డబ్బు తెచ్చిన మనిషిని పని పరిస్థితులే ఉంచాలి.

ఇంకా కిందికి వెళ్తే ఫాప్. చిన్న పల్లెలో ఒక ఫెల్డ్‌షర్ (వైద్యుడికీ నర్సుకూ మధ్య స్థాయి ఆరోగ్య ఉద్యోగి), వీలైతే ఒక మంత్రసాని ఉండే కేంద్రం. 1,760 గంటల లెక్క ఇక్కడ కఠినంగా తగులుతుంది. ఒక్క మనిషే ఉన్న కేంద్రం సెలవులు, శిక్షణ, అనారోగ్యం కలిపి ఏడాదికి 40 పని దినాలు మూసి ఉండాలి, లేదా ఆ ఫెల్డ్‌షర్ సెలవు తీసుకోకూడదు. జరుగుతున్నది రెండోదే. విస్న్ నిష్పత్తి 1.0 పైనే వచ్చి ఈ కేంద్రాల్లో పని తక్కువని చూపిస్తుంది, ఎందుకంటే జనాభా తక్కువ. ఆ అంకె చూసి కేంద్రం మూస్తే మంచు పడ్డ రోజున తర్వాతి మనిషి కొండ దారికి అవతల ఉంటాడు.

ఇక్కడ చేయదగ్గది చిన్నదే. ఐదు ఫాప్‌లకు కలిపి ఒక సంచార ఫెల్డ్‌షర్‌ను పెట్టడం. ఐదు నలభైలు 200 రోజులు, ఒక మనిషి 220 రోజుల్లో అది ఇముడుతుంది, మిగిలిన 20 రోజులు ప్రయాణాలకు. సెలవుల క్యాలెండర్‌ను జనవరిలోనే కుటుంబ వైద్య కేంద్రంలో వేయాలి, దారులు మూసుకునే నెలల్లో మార్పిడి పెట్టకూడదు. బస, రవాణా ఖర్చు కుటుంబ వైద్య కేంద్రం బడ్జెట్లో విడిగా చూపాలి. అలా చూపకపోతే మొదటి కోత ఆ ఖర్చు మీదే పడి, ఏడాది తిరక్కుండానే సంచార ఫెల్డ్‌షర్ ఏదో ఒక ఖాళీ స్తావ్కాలో కూర్చుంటాడు.